ఒకటో తారీఖు బడ్జెట్ పదిహేనో తారీఖుకే ఎందుకు తప్పుతోంది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో మీరిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. నాలుగేళ్ల పాప, మీ అత్తగారు మీతోనే ఉంటారు. ఇంటి సరుకులకి నెలకి 12,000 రూపాయలు అనుకుంటున్నారు, కానీ ఏ నెల చూసినా 17,500 దగ్గర తేలుతోంది. పుస్తకం పెట్టారు, ఫోన్‌లో ఖర్చులు రాసే యాప్ పెట్టారు, రెండూ మూడు వారాలకే ఆగిపోయాయి. ఒకటో తారీఖున సూపర్‌మార్కెట్‌కి వెళ్లి నెలంతటికీ తెచ్చుకుంటున్నారు, అయినా వారానికి నాలుగైదుసార్లు పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లో ఏదో ఒకటి తెప్పించక తప్పడం లేదు. చివర్లో "నాకే క్రమశిక్షణ లేదేమో" అని రాశారు. ఆ వాక్యం దగ్గర నాకు బాధేసింది. మీలో లోపం ఏమీ లేదు. మీరు పెట్టుకున్న అంకెలో లోపం ఉంది, డబ్బు ఎటు పోతోందో కనపడే దారి మీ ఇంట్లో లేదు. రెండూ సరిచేసుకోవచ్చు.

నా సంగతి కాస్త చెబుతాను. తెనాలిలో మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. పెళ్లయ్యేదాకా సెలవుల్లో అక్కడే కూర్చునేదాన్ని, పొట్లాలు కట్టేదాన్ని, ఖాతా పుస్తకంలో పద్దులు ఎక్కించేదాన్ని. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్లుగా నా ఇంటి పద్దు నేనే రాస్తున్నాను. తక్కువ జీతంలో ముగ్గురు పిల్లల్ని పెంచిన రోజులూ ఉన్నాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రోజులూ ఉన్నాయి. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో నేను నేర్చుకున్నది ఒక్కటే: ముందు కిలోలు తెలియాలి, ఆ తర్వాతే రూపాయలు. మన ఇంట్లో నెలకి కందిపప్పు ఎంత అవుతుందో, నూనె ఎంత పోస్తామో తెలియకుండా పెట్టుకున్న బడ్జెట్ ఉత్త కోరిక మాత్రమే.

అసలు 12,000 అనే అంకె మీకు ఎక్కడినుంచి వచ్చింది? మీ ఆఫీసులో ఒకావిడ పది వేలలో ఇల్లు నడుపుతున్నానంటే, దానికి రెండు వేలు కలిపానని రాశారు. ఆవిడ పది వేలలో పాలు ఉన్నాయా? కూరగాయలు, సబ్బులు, చికెన్ ఉన్నాయా? బియ్యం ఊరినుంచి వస్తాయా? మా చుట్టాల్లోనే ఒకరు "మాకు ఆరు వేలే" అనేవారు. కూర్చుని అడిగితే అందులో పాలు, పండ్లు లేవు, బియ్యం వాళ్ల పొలంలోవి. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు. మీ పద్దులో ఏవేవి వస్తాయో, ఏవి రావో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. గ్యాస్, మంచినీళ్ల డబ్బా, బయట తిన్న తిండి, మందులు, పాప డైపర్లు లాంటివి వేరే పద్దు. తిండి సరుకులు, పాలు, కూరగాయలు, పండ్లు, గుడ్లు, మాంసం, సబ్బులు ఈ పద్దు. ఈ గీత గీయకపోవడం వల్లే చాలా ఇళ్లలో ప్రతి నెలా లెక్క ఒక్కోరకంగా వస్తుంది.

ఇప్పుడు మీలాంటి ఇంటికి నేను లెక్క వేస్తే ఎలా వస్తుందో చూడండి. ఇవి మా వైపు ఈమధ్య నేను కొంటున్న ధరలు, మీ వీధిలో అటూఇటూ ఉండొచ్చు. సోనామసూరి 26 కిలోల బస్తా 1,500 అనుకుందాం. మీ నలుగురికీ అది నలభై రోజులు వస్తుంది, అంటే నెలకి 1,150 చాలు. కంది రెండు కిలోలు, ఇడ్లీ దోసెలకి మినప్పప్పు రెండున్నర కిలోలు, పెసర, శనగ చెరి అరకిలో కలిపి 750. నూనె మూడున్నర లీటర్లు, నెయ్యి అరకిలో 900. గోధుమపిండి, రవ్వ, పంచదార, టీపొడి, చింతపండు, పోపు సామాన్లు 1,300. సబ్బులు, బట్టల పౌడర్, ఫినాయిల్ 800. పాలు రోజుకి లీటరుంబావు, పెరుగు అందులోనే తోడు వేసుకుంటే 2,250. కూరగాయలు వారానికి 750 చొప్పున నెలకి 3,200. పండ్లు 1,300. గుడ్లు, వారానికోసారి చికెన్ 1,500. పాపకి, పెద్దావిడకి బిస్కెట్లు, చిరుతిళ్లు 700. మొత్తం 13,850.

చూశారా? ఒక్క పైసా వృథా చేయకపోయినా మీకు 12,000 సరిపోదు. అందుకే ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి "ఎలాగూ దాటిపోయింది కదా" అనిపించి పుస్తకం మూసేస్తున్నారు. తప్పు అంకె పెట్టుకుంటే జరిగే అసలు నష్టం ఇదే. దాటడం ఖాయమైన గీతని ఎవరూ పట్టించుకోరు. మీకు ఎక్కువవుతున్న 5,500లో 1,850 నిజమైన అవసరం, దాన్ని ఖర్చుగా ఒప్పేసుకోండి. మిగిలిన 3,650 గురించే మనం మాట్లాడుకోవాలి.

అది ఎక్కడ పోతోందో మీ మాటల్లోనే ఉంది. వారానికి నాలుగైదు ఆర్డర్లంటే నెలకి పందొమ్మిది, ఇరవై. ఒక్కొక్కటి 190 అనుకున్నా 3,600 దాటుతుంది. కొత్తిమీర కట్ట కోసం ఫోన్ తీస్తారు. డెలివరీ చార్జీ పడకూడదంటే ఇంత మొత్తం కొనాలని చూపిస్తుంది. ఒక చిప్స్ ప్యాకెట్, ఒక పెరుగు కప్పు, పాపకి ఒక చాక్లెట్ వేస్తారు. నిజంగా కావలసింది ఇరవై రూపాయల కొత్తిమీర, ఇంటికి వచ్చింది రెండు వందల సరుకు. చిన్న మొత్తం కాబట్టి ఎవరికీ గుర్తుండదు. పైగా మీ ఫోన్‌లోంచి కొన్ని, మీ వారి ఫోన్‌లోంచి కొన్ని, కింద దుకాణంలో మీ అత్తగారు ఇచ్చిన నగదు కొంత. మూడు చేతులు ఖర్చు పెడుతుంటే మొత్తం ఎంతయిందో ఒక్కరి కంటికీ కనపడదు.

ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కూడా కాదు. కేంద్ర ప్రభుత్వం చేసిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో పట్టణ కుటుంబాల మొత్తం ఖర్చులో బియ్యం, గోధుమల లాంటి ధాన్యాల వాటా 4 శాతం దగ్గరే ఉంది. పానీయాలు, చిరుతిళ్లు, తయారుచేసి ప్యాక్ చేసిన తిండి వాటా 11 శాతం. తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. మనం మాత్రం బస్తా దగ్గర యాభై రూపాయలు బేరమాడి పొదుపు చేశామనుకుంటాం.

మా నాన్నగారి కొట్లో కౌంటర్ ఉండేది. కొనేవాళ్లు ఇటువైపు, సరుకు అటువైపు. చీటీ రాసుకొచ్చి ఇచ్చేవాళ్లు, నాన్నగారు ఒక్కో పద్దు పక్కన టిక్కు పెడుతూ తూచి పెట్టేవారు. ఖాతాదార్లయితే పంచదార తూచే ముందు, "పోయిన పక్షం రెండు కిలోలు పట్టుకెళ్లారు కదమ్మా, అప్పుడే అయిపోయిందా?" అని అడిగేవారు. అమ్ముకునే మనిషి అలా అడగడమేమిటని నాకు చిన్నప్పుడు వింతగా ఉండేది. ఖాతా పెరిగిపోతే ఆ ఇంటివాళ్లు తీర్చలేరని, కొట్టుకి రావడమే మానేస్తారని ఆయన భయం. ఆ అడ్డ కౌంటర్, ఆ ప్రశ్న కలిసి ఆ రోజుల్లో సగం ఇళ్ల బడ్జెట్ కాపాడాయి. సూపర్‌మార్కెట్‌లో కౌంటర్ బిల్లు వేసేచోట మాత్రమే ఉంటుంది, ఫోన్‌లో అదీ లేదు. అంచేత ఆ కౌంటర్ మళ్లీ తెచ్చుకోండి. మీ వీధిలో కిరాణా షాపుకి వాట్సాప్‌లో చీటీ పంపితే ఇంటికే తెచ్చిచ్చేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. పప్పులు, బియ్యం, పంచదార, పోపు సామాన్లు అలా తెప్పించుకోండి. మొదటిసారి వెళ్లి పప్పు చేతిలోకి తీసుకుని చూసి, ధరలు మాట్లాడుకోండి. నచ్చకపోతే మార్చి ఇస్తారు, అది పెద్ద సౌకర్యం. సబ్బులు, షాంపూల లాంటి ప్యాకెట్ సామాన్లకి మాత్రం ఆఫర్ ఉన్నప్పుడు సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి, రెండు నెలలకోసారి చాలు.

ఇక కిలోలు ఎలా తెలుస్తాయి? పుస్తకాలు రాయనక్కర్లేదు. ఒక తెల్ల టేపు చుట్ట, ఒక పెన్ను వంటింట్లో పెట్టుకోండి. కొత్త ప్యాకెట్ డబ్బాలో పోసిన రోజు ఆ డబ్బా మీద చిన్న టేపు ముక్క అంటించి తారీఖు, ఎంత పోశారో రాయండి. మా కందిపప్పు డబ్బా మీద ఇప్పుడు "కిలో, 6" అని ఉంది. దాని కింద పాత టేపు "కిలో, 21", దాని కింద "కిలో, 5". అంటే కిలో పప్పు మాకు పదిహేను పదహారు రోజులు వస్తోంది, నెలకి రెండు కిలోలు. ఒక టేపు మీద "కిలో, 28" పక్కనే "20 రోజులు" అని ఉంది. అప్పుడు మేం పెళ్లికి ఊరెళ్లాం, అది కూడా ఆ టేపే గుర్తు చేస్తుంది. ఇలా రెండు నెలలు నూనె, బియ్యం, పప్పులు, పంచదార, టీపొడి, బట్టల పౌడర్‌కి చేయండి. పది డబ్బాలు చాలు. మెంతులకీ ఇంగువకీ అక్కర్లేదు. యాప్‌లో ఎక్కించడం మూడు వారాలకే మానేశారంటున్నారు కదా, ఇది మానరు. డబ్బా నింపే చేతిలోనే పెన్ను ఉంటుంది.

ఈ టేపులు మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం వంటింటి అరలన్నీ ఖాళీ చేసి నేల మీద పరచండి. మొదటిసారి నేను అలా చేసినప్పుడు నాలుగు జీలకర్ర ప్యాకెట్లు, మూడు బొంబాయి రవ్వలు, పురుగు పట్టిన రెండు కిలోల శనగపిండి బయటపడ్డాయి. ఆ శనగపిండి ఆఫర్‌లో కొన్నది, మొత్తం పారబోశాను. అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి, మాకు అది లెక్కగా బతుకుతున్న కాలం. అప్పటినుంచి వానాకాలంలో రవ్వ, పిండి, మైదా ఏ నెలకానెలే కొంటాను. ఎంత చవగ్గా ఇచ్చినా ఎక్కువ తీసుకోను. రవ్వ తేగానే దోరగా వేయించి చల్లారాక డబ్బాలో పోస్తాను. పప్పులు ఎండలో పెట్టి, నాలుగు ఎండుమిరపకాయలో వేపాకో వేసి మూత పెడతాను. మా అమ్మ ఏడాదికి సరిపడా కందిపప్పుకి ఆముదం పట్టించి నిలవ చేసేది, ఇప్పుడు అంత నిలవ పెట్టుకునే చోటు మనకి లేదు.

నూనె గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే బడ్జెట్, ఆరోగ్యం రెండూ కలిసేది అక్కడే. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, 2,000 కేలరీల భోజనానికి రోజుకి ఒక్కొక్కరికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలంది. నలుగురు పెద్దవాళ్లున్నా నెలకి 3,240 గ్రాములు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఒకరు చిన్నపిల్ల. మీరు ఐదారు లీటర్లు వాడుతుంటే అక్కడ ఒకటిన్నర, రెండున్నర లీటర్లు తగ్గించుకునే చోటు ఉంది. ఇంకోమాట. ఐదు లీటర్ల క్యాన్ చవక అని మేం కొన్నాళ్లు కొన్నాం. టేపు లెక్క చూస్తే ఆ క్యాన్ ముప్ఫై ఐదు రోజులు వచ్చింది, విడిగా ఐదు లీటరు ప్యాకెట్లు నలభై ఐదు రోజులు వచ్చాయి. పెద్ద క్యాన్ ఎదురుగా ఉంటే చెయ్యి ధారాళంగా వంగుతుంది. లీటరుకి నాలుగైదు రూపాయలు మిగిలినా పది రోజుల నూనె పోయింది. నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఇదే జరిగింది, అంచేత నూనె చిన్న ప్యాకెట్లే కొనమంటాను. కొనేటప్పుడు బరువు చూడండి. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. చూడ్డానికి అచ్చం లీటరు ప్యాకెట్‌లాగే ఉండి 850, 800 గ్రాములు మాత్రమే ఉన్నవి ఇప్పుడు షాపుల్లో చాలా ఉన్నాయి. ధర తక్కువ అని తీసుకుంటే మోసపోతాం.

అదే జాగ్రత్త బియ్యానికీ పనికొస్తుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. మిల్లులవాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చింది అందుకే. కాబట్టి రెండు బస్తాలు పోల్చేటప్పుడు ఒక్కోదాని ధరని దాని బరువుతో, 25 అయితే 25తో, 26 అయితే 26తో భాగించి కిలో ఎంత పడిందో చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్నానపు సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద 18 శాతం ఉన్న పన్ను 5 శాతానికి దిగింది, నెయ్యి మీద 12 నుంచి 5కి దిగింది. మీ పాత బిల్లులు అంతకుముందువైతే ఈ పద్దులు ఒకసారి మళ్లీ చూసి రాసుకోండి.

కూరగాయల డబ్బు మీ అత్తగారి చేతికి ఇవ్వండి. ఇది నేను చాలా ఆలోచించి చెబుతున్న మాట. మీరిద్దరూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతారు. ఆవిడ సాయంత్రం బండి దగ్గర ఏదో కొంటారు, ఫ్రిజ్‌లో అప్పటికే అదే కూర ఉంటుంది. ఇద్దరు కొంటున్నప్పుడు రెండుసార్లు కొనడం సహజం. ప్రతి శనివారం సాయంత్రం 750 రూపాయలు నగదుగా ఆవిడకిచ్చి, "అత్తయ్యా, ఈ వారం కూరలు మీ ఇష్టం" అనండి. మిగిలితే ఆవిడవే. లెక్క అడగకండి. పెద్దవాళ్లకి ఏ కూర ఏ కాలంలో చవకో, ఏ ఆకుకూర రెండు రోజులు నిలవ ఉంటుందో మనకన్నా బాగా తెలుసు. మా అత్తగారికి నేను ఈ పని పదేళ్లు ఆలస్యంగా అప్పగించాను. ఆవిడ చేతికొచ్చాక మా ఇంట్లో కూరగాయలు కుళ్లి పారేయడం ఆగిపోయింది, ఆవిడ ముఖంలో కళ వచ్చింది. ఓపిక ఉంటే ఆదివారం పొద్దున్నే ఆవిడని తీసుకుని దగ్గర్లోని రైతు బజార్‌కి వెళ్లండి. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లు ఇప్పటికీ మనలాంటి ఇళ్లకి పెద్ద ఆసరా. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి ఏది దగ్గరైతే అది. లోపల ఆరోజు ధరల బోర్డు ఉంటుంది, ముందు అది చదివాకే సంచి తెరవండి.

వారం లెక్క అన్నాను కదా, దానికో కారణం ఉంది. నెలకి నాలుగు వారాలనుకుని డబ్బు నాలుగు భాగాలు చేస్తాం. ఫిబ్రవరి తప్ప ఏ నెలకైనా నాలుగు వారాల పైన రెండు మూడు రోజులు ఉంటాయి. జీతానికి ముందు ఆ రెండు మూడు రోజులే చాలా ఇళ్లలో బడ్జెట్‌ని కూలదోస్తాయి. అందుకని కూరగాయలు, పండ్లు, చికెన్ లాంటి పచ్చి సరుకుకి నెలతో పని పెట్టుకోకండి. ఆదివారం నుంచి శనివారం దాకా ఒక వారం, అది ఏ నెలలో పడ్డా సరే. నెల లెక్క పొడి సరుకుకే.

ఆ పది నిమిషాల యాప్ పూర్తిగా తీసేయమని చెప్పను. ఉద్యోగం చేస్తూ చిన్నపిల్లతో ఉన్న ఇంట్లో అది అవసరం పడుతుంది, నాకు తెలుసు. కానీ దానికి నెలకి 1,000 రూపాయలు విడిగా పెట్టండి, మీ 13,850కి పైన. మీవారి ఫోన్‌లోంచి తీసేసి మీ ఒక్కరి ఫోన్‌లోనే ఉంచండి, లేదా మీరు తీసేసి ఆయన దగ్గర ఉంచండి. కావలసినవి ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో రాయండి. ఆ కాగితంలో మూడు వస్తువులు చేరాకే ఆర్డర్ పెట్టాలి. అవి చేరేలోపు సగం అక్కర్లేదని తేలిపోతుంది. ఇంట్లో ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టి, ఎవరు ఏం కొన్నా అంకె మాత్రం అందులో పడేయండి: "190, బ్రెడ్, గుడ్లు". ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు, ఇది గట్టి నియమం. ఒక్క మాట అన్నారంటే మర్నాటి నుంచి అంకెలు రావడం ఆగిపోతుంది.

ఇక ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. మార్చి, ఏప్రిల్‌లో కారం పట్టిస్తాం, కొత్త చింతపండు వస్తుంది, మే నెలలో ఆవకాయ. మీ కారం మీరే పట్టించుకుంటారని రాశారు, చాలా సంతోషం. ఘాటుకి తేజ మిరపకాయలు, రంగుకి బ్యాడిగి మిరపకాయలు కలిపి పట్టించుకుంటే ప్యాకెట్ కారం కన్నా తక్కువే వేసినా సరిపోతుంది. కానీ మిరపకాయలు, పసుపు కొమ్ములు, చింతపండు, పచ్చడి నూనె అన్నీ ఆ రెండు మూడు నెలల్లోనే పడతాయి. ఆ నెల బడ్జెట్ చూసుకుని మీరు ఓడిపోయామనుకుంటారు. దసరా, దీపావళి, సంక్రాంతికి బెల్లం, నెయ్యి, జీడిపప్పు, చుట్టాల రాక కూడా అంతే. వీటికి నెలకి 600 పక్కన తీసి పెట్టండి, ఏడాదికి 7,200 అవుతుంది. నేను ఇప్పటికీ పాత హార్లిక్స్ సీసాలో పెడతాను. మీరు బ్యాంకులో వేరే ఖాతా తెరుచుకోండి.

ధరలు ఉన్నట్టుండి పెరిగితే ఏం చేయాలని అడిగారు. 2015 చివర్లో కందిపప్పు కిలో 200 అయింది. 2023 జులైలో టమాటా 150 దాటింది. 2024 సెప్టెంబర్‌లో దిగుమతి సుంకం పెంచగానే నూనె ధర ఎక్కేసింది. ఇలాంటివి వస్తూనే ఉంటాయి. అప్పుడు నేను ఆ వస్తువుని వదలను, అది కూరలో ఏ పని చేస్తోందో చూస్తాను. పప్పులో టమాటా వేసేది పులుపు కోసమే కదా. మన తెలుగు వంటకి పులుపు టమాటాతోనే రాలేదు. గోంగూర, చుక్కకూర, దోసకాయ, మామిడికాయ, చింతచిగురు, ఏమీ లేకపోతే నిమ్మకాయంత చింతపండు ఉంది. 2023 జులై అంతా మా ఇంట్లో టమాటా లేకుండానే పప్పు ఉడికింది, ఎవరూ అడగలేదు. కందిపప్పు పెరిగినప్పుడు వారానికి మూడు రోజులు పెసరపప్పు వండాను.

ఒకటి మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. పాప పాలు, గుడ్డు, పప్పు, రోజూ ఒక పండు తగ్గించి లెక్క సరిపెట్టకండి. మీ అత్తగారి పాలు, పెరుగు కూడా అంతే. ఆడవాళ్లం మొదట మన పళ్లెంలోంచే తగ్గిస్తాం, మీరు కూడా ఆ పని చేయకండి. మీ ఇంట్లో కోసుకునే చోటు బిస్కెట్లలో, కూల్‌డ్రింకుల్లో, పారబోసే పిండిలో, ధారాళంగా పోసే నూనెలో ఉంది. అది చాలు.

మొదటి రెండు నెలలు ఏ అంకె పెట్టుకోవద్దు. టేపులు అంటించండి, గ్రూపులో అంకెలు వేయండి, అత్తయ్యగారికి శనివారం డబ్బు ఇవ్వండి. 17,500 దాకా వెళ్లినా వెళ్లనివ్వండి. మూడో నెల మొదట్లో టేపుల మీద కిలోలు తీసి, మీ కిరాణా షాపు ధరలతో గుణించండి. నా లెక్క ప్రకారం 13,850, యాప్‌కి 1,000, ఏడాది సీసాకి 600, మొత్తం 15,450 దగ్గర ఆగాలి. మీ కిలోలు వేరేగా ఉంటే మీ అంకె వేరే వస్తుంది, అదే మీ సరైన అంకె. దాన్ని ఏడాది పొడుగునా కదపకుండా పట్టుకోవాలనుకోకండి. మేం ఉగాది ముందొకసారి, దసరా ముందొకసారి టేపులు తిరగేసి, ధరలు అడిగి అంకె మార్చుకుంటాం. మా చిన్నవాడు హాస్టల్‌కి వెళ్లిన ఏడు దసరాకి మా బియ్యం ఆరు కిలోలు తగ్గింది. ఆ టేపు ఇంకా డబ్బా మీదే ఉంది.